రాంగ్ రూట్‌ను కూడా రాయగలిగే భాష: గామా సాఫ్ట్‌వేర్‌పై సమీక్ష

రోడ్డు మీది ప్రతి వాహనాన్నీ సొంతంగా నిర్ణయాలు తీసుకునే ఏజెంట్‌గా భావించి ట్రాఫిక్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్లలో, డ్రైవరు అలవాట్లను ఇంత సూటిగా రాసుకోనిచ్చేది గామా అని కొన్ని నెలల వాడకం తర్వాత నాకు నమ్మకం కుదిరింది. ఫ్రాన్స్‌కు చెందిన ప్రభుత్వ పరిశోధన సంస్థ ఐఆర్‌డీ పరిశోధకులు వియత్నాంలోని సహచరులతో కలిసి 2007 నుంచి దీనిని తీర్చిదిద్దుతున్నారు. ఇది ఉచితం, సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది.

దీనికి జీఏఎంఎల్ అనే సొంత మోడలింగ్ భాష ఉంది. వాహనాన్ని ఒక 'స్పీషీస్'గా, అంటే ఒక రకం ఏజెంట్‌గా ప్రకటించి, దానికి 'డ్రైవింగ్' స్కిల్ (నడిపే తీరును ముందే రాసిపెట్టిన నైపుణ్యం) జతచేసి, ప్రతి అడుగులో, అంటే అనుకరణలో కాలం ఒక్కోసారి ముందుకు జరిగినప్పుడల్లా, చేయవలసిన పనిని 'రిఫ్లెక్స్' అనే భాగంలో రాయాలి. వేగాన్ని గంటకు 40 కిలోమీటర్లు అని యూనిట్‌తో సహా రాయవచ్చు. సెకనుకు మీటర్లలోకి అదే మార్చుకుంటుంది. ప్రోగ్రామింగ్‌లో ఆరితేరని రవాణా ఇంజనీర్లకు ఈ సౌలభ్యం చిన్నది కాదు.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నవి ఆ స్కిల్‌లోని సంభావ్యతలు. కూడలిలో ఇతరులకు దారి ఇవ్వడం, ముందు ఖాళీ లేకపోయినా కూడలి మధ్యకు వచ్చి అడ్డంగా నిలిచిపోవడం, ఎదురు వాహనాల లేన్‌లోకి దూరిపోవడం, వీటిలో ప్రతిదానికీ 0 నుంచి 1 వరకు ఒక విలువ ఇవ్వవచ్చు. మిగతావన్నీ అలాగే ఉంచి, అడ్డంగా నిలిచే విలువను మాత్రమే పెంచి చూసినప్పుడు, నాలుగు వైపులా వాహనాలు బిగుసుకుపోయిన దృశ్యం మన కూడళ్లలో సాయంత్రం పూట చూసేదే. మన దేశానికి తగినట్టు ఎడమవైపు నడిపించే వీలు కూడా ఉంది.

అయితే వాహనం ఎప్పుడూ ఏదో ఒక లేన్‌లోనే ఉండాలన్న ఊహ దీని మూలంలో ఉంది. రెండు కార్ల సందులోంచి దూసుకువెళ్లే బైకును, ఉన్నట్టుండి పక్కకు ఒరిగే ఆటోను చూపాలంటే అదనపు కోడ్ మనమే రాసుకోవాలి. ఈ ఒక్క విషయంలో, జర్మనీ అంతరిక్ష సంస్థ డీఎల్‌ఆర్ అభివృద్ధి చేసిన ట్రాఫిక్ అనుకరణ సాఫ్ట్‌వేర్ సుమో మెరుగు. అది లేన్‌ను వెడల్పు వెంట మరింత సన్నని పట్టీలుగా విభజించగలదు. కానీ అక్కడ రోడ్లు, ప్రయాణాలు, వాహన రకాలు ఎక్స్‌ఎంఎల్ అనే ట్యాగుల రూపంలో రాసిన వేర్వేరు ఫైళ్లలో ఉంటాయి కాబట్టి, మోడల్‌ను ఒక్కచోట చదివి అర్థం చేసుకునే సుఖం ఉండదు.

గామాలోని డ్రైవింగ్ స్కిల్‌ను మధ్యలో తిరగరాసినందువల్ల పాత పాఠాల్లోని కోడ్ కొత్త వెర్షన్‌లో ఆగిపోవచ్చు. ఒక సెకను అడుగు వాహనాలకు మరీ పెద్దది, 0.2 సెకనుకు తగ్గిస్తే బ్రేకులు సహజంగా పడతాయి గాని, అనుకరణ పూర్తవడం నెమ్మదిస్తుంది.

రోడ్లను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, అందరూ కలిసి తయారుచేసే ఉచిత పటం నుంచి తెచ్చుకోవచ్చు. మన వీధుల్లో చాలావాటికి అందులో లేన్ల సంఖ్య నమోదై ఉండదు కనుక, ఫలితాన్ని నమ్మే ముందు ఆ రోడ్డు పక్కన నిలబడి లెక్కపెట్టి సరిచేసుకోవలసిందే.