డెత్ వ్యాలీ: కెమెరా పట్టుకెళ్తే రెండు రాత్రులు ఉండాల్సిందే

లాస్ వేగాస్ ట్రిప్‌లో ఒక పూట మిగిల్చి డెత్ వ్యాలీ చుట్టేసి వచ్చే తెలుగు కుటుంబాలు చాలానే ఉంటాయి. టిఫిన్ చేసి బయల్దేరి, రెండు గంటలు డ్రైవ్ చేసి చేరేసరికి ఎండ నడినెత్తికొస్తుంది. ఆ వెలుగులో కొండలన్నీ పాలిపోయి ఒకే మట్టిరంగులో పడతాయి. "ఏముందక్కడ, బోడి కొండలు" అనే పేరు తెచ్చిపెట్టేది ఆ మధ్యాహ్నమే.

ఎక్కువభాగం కాలిఫోర్నియాలో ఉన్న, సుమారు 34 లక్షల ఎకరాల ఎడారి పార్కు ఇది. అలాస్కాను పక్కన పెడితే అమెరికాలో ఇంతకన్నా పెద్ద నేషనల్ పార్కు లేదు. లోపల బసలుండే ఫర్నెస్ క్రీక్ నుంచి ఉప్పునేల బ్యాడ్‌వాటర్ 17 మైళ్ళు, కొండమీది వ్యూ పాయింట్ డాంటేస్ వ్యూ పాతిక మైళ్ళు, ఇసుక దిబ్బలేమో ఇంకో దిక్కున. మంచి వెలుగు ఉండేది పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట. కాబట్టి పూటకి ఒక్క చోటే. లోపలే రెండు రాత్రులు ఉంటే నాలుగు చోట్లు దక్కుతాయి.

మడతలు పడ్డ మట్టికొండలు కనిపించే జాబ్రిస్కీ పాయింట్‌కి పొద్దున్నే వెళ్ళాలి, సూర్యోదయానికి 40 నిమిషాల ముందే. మొదట ఎదురుగా పానమింట్ కొండల కొసలు గులాబీరంగుకి తిరుగుతాయి, ఆ తర్వాత వెలుగు మాన్లీ బీకన్ అనే మొనదేలిన కొండ మీదికి దిగుతుంది. సాయంత్రం వెళ్తే సూర్యుడు లెన్సులోకే కొడతాడు. ఇక్కడ దూరాన్ని దగ్గరికి లాగే 70-200 లెన్సు పనికొచ్చినట్టు వైడ్ లెన్సు పనికిరాదు. వైడ్‌లో ఆ మడతలన్నీ చీమల పుట్టల్లా చిన్నబోతాయి.

బ్యాడ్‌వాటర్ సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన ఉంది. పార్కింగ్ దగ్గర ఉప్పు జనం తొక్కిడికి నలిగి మురిగ్గా ఉంటుంది. అక్కడే ఫొటో తీసుకుని వెనక్కి తిరిగితే వచ్చిన పని కానట్టే. మైలు దాకా లోపలికి నడిస్తే పలకలు పలకలుగా పరుచుకున్న తెల్లటి ఉప్పు, దాని అంచులు గట్లు కట్టినట్టు లేచి కనిపిస్తాయి. అడుగునున్న నీరు పైకొచ్చి ఆవిరవుతుంటే, మిగిలిన ఉప్పు అంచుల వెంట పేరుకుని అలా లేస్తుంది. ట్రైపాడ్‌ను మోకాలెత్తుకి దించి, ఎక్స్‌పోజర్‌ ఒక స్టాప్, అంటే వెలుగు రెట్టింపయ్యేలా, పెంచాలి. లేకపోతే కెమెరా ఆ తెలుపుని బూడిదరంగు చేసేస్తుంది. ఫోన్ చెప్పే సూర్యాస్తమయం టైము ఇక్కడ చెల్లదు. పడమట 11,049 అడుగుల టెలిస్కోప్ పీక్ ఉంది కదా, సూర్యుడు ముందే దాని వెనక్కి వెళ్ళిపోతాడు. అప్పుడే సర్దుకోకండి, అసలు రంగులు ఆ తర్వాతే. బసకి చేరాక ట్రైపాడ్ కాళ్ళు మంచినీళ్ళతో కడగాలి, లేకపోతే ఉప్పుకి లాకులు బిగుసుకుపోతాయి.

మెస్కీట్ ఫ్లాట్ దిబ్బల దగ్గర అసలు తలనొప్పి అడుగుజాడలు. అరగంట లోపలికి నడవాలి. రాత్రి గాలి వీచిన మర్నాటి పొద్దున అయితే జాడలు చెరిగిపోయి ఉంటాయి. ట్రైపాడ్‌లో అన్నిటికన్నా కింది సన్నటి భాగాన్నే ముందు బయటికి లాగితే దాని లాకు ఇసుకకి పైన ఉంటుంది. లెన్సు మార్చే పని కార్లోనే కానివ్వాలి.

రాళ్ళు తమంతట తామే జరిగినట్టు గీతలు పడే ఎండిన చెరువు రేస్‌ట్రాక్ మొదటిసారి వెళ్ళేవాళ్ళకి వద్దు. పల్చటి మంచు పలకల్ని గాలి నెట్టడంతో ఆ రాళ్ళు కదులుతాయని 2014లో తేలింది. అక్కడికి ఉబెహీబీ క్రేటర్ అనే అగ్నిపర్వత బిలం నుంచి 27 మైళ్ళ కంకర దారి, మొనదేలిన రాళ్ళు టైర్లని కోసేస్తాయి. అద్దె కార్ల ఒప్పందాలు ఇలాంటి రోడ్లని మామూలుగా ఒప్పుకోవు.

ఎంట్రీ ఫీజు కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. నోట్లు తీసుకోరు, కార్డు ఉండాలి. డ్రోన్ నిషేధం. పెట్రోలు బయటే నింపుకోండి, లోపల ధర మండిపోతుంది. మనిషికి రోజుకో గ్యాలన్ నీళ్ళు, ఆఫ్‌లైన్ మ్యాపు తప్పనిసరి. శాకాహారులు పులిహోర కట్టుకెళ్తే నిశ్చింత.

నవంబరు నుంచి మార్చి మధ్య వెళ్తే ఫొటోలకి ఐదుకి ఐదు. ఫర్నెస్ క్రీక్‌లో 1913 జూలై 10న 134 ఫారెన్‌హీట్ నమోదైంది. పిల్లల్ని తీసుకుని వేసవిలో వెళ్తే ఒకటి కూడా ఎక్కువే. గది బుక్ చేసేముందు రోడ్లు తెరిచి ఉన్నాయో లేదో చూసుకోండి. 2023 ఆగస్టులో ఒక్కరోజులో 2.2 అంగుళాల వాన పడింది, ఏడాదంతా పడేదానికి సమానం. పార్కు మళ్ళీ తెరిచింది అక్టోబరు మధ్యలోనే.