హన్మకొండలో జిప్సం ఫాల్స్ సీలింగ్: సరుకు మంచిదే, ముందు ఎత్తు కొలవండి

పదడుగుల స్లాబు కింద గది మొత్తానికీ జిప్సం సీలింగ్ వేయించకండి. గోడల వెంట రెండడుగుల వెడల్పున అంచు మాత్రం వేయించి, నడుమ స్లాబును గిలాబుతోనే వదిలేస్తే పని చక్కగా ఉంటుంది, గాలీ ఆడుతుంది. వరంగల్, హన్మకొండ, కాజీపేట షాపుల్లో ముందు చూపించేవి మాత్రం నిండా కప్పే డిజైన్లే. బిల్లు చదరపుటడుగుల మీద కదా.

అసలు చిక్కంతా 'పదడుగులు' అన్న మాటలోనే ఉంది. సుతారి మేస్త్రి చెప్పే పదడుగులు చాలాచోట్ల స్లాబు పైనుంచి పై స్లాబు పైదాకా. అందులోంచి స్లాబు మందం 5 అంగుళాలు, టైల్స్, వాటి కింది మాలు కలిపి 3 అంగుళాలు, సీలింగ్ గిలాబు అరంగుళం తీసేయండి. మిగిలేది 9 అడుగుల 3½ అంగుళాలు. లైటు పెట్టే సీలింగ్ కనీసం 6 అంగుళాలు కిందికి దిగుతుంది. అంటే 8 అడుగుల 9½ అంగుళాలు. నివాస గదికి జాతీయ భవన నియమావళి చెప్పే కనీస ఎత్తు 2.75 మీటర్లు, అంటే దాదాపు 9 అడుగులు. ఏసీ గదికైతే 2.4 మీటర్లు చాలు. మన ఇళ్లలో కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఫ్యాన్ ఒక్కటే తిరిగే రాత్రులుంటాయి కాబట్టి, ఏసీ ఉందని ఆ 2.4 మీటర్లకు దిగడం నాకు సమ్మతం కాదు.

ఫ్యాన్ దగ్గరే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. రెక్కలకూ కప్పుకూ మధ్య అడుగు ఖాళీ ఉంటేనే గాలి పైనుంచి అందుతుంది, నేల నుంచి రెక్కల ఎత్తు 8 అడుగులకు తగ్గకూడదు. నిండా కప్పిన గదిలో అడుగు వదిలితే రెక్కలు 7 అడుగుల 9½ అంగుళాలకు వస్తాయి. మంచమెక్కి ఎగిరే పిల్లలున్న ఇంట్లో ఇది ప్రమాదం. రాడ్ పొట్టిది చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది గానీ గాలి సరిగా రాదు. ఫ్యాన్ ఎప్పుడూ స్లాబు కొక్కేనికే వేలాడాలి, సీలింగ్ ఫ్రేముకు కాదు.

బీములున్న హాల్లో కొలత టైల్ నుంచి బీము అడుగుదాకా తీయాలి. బీము స్లాబు కిందికి 10 అంగుళాలు దిగితే, దాన్ని దాచే సీలింగ్ ఫ్రేము, బోర్డు మందం కూడా పోను నిలబడేది దాదాపు 8 అడుగుల 3 అంగుళాల దగ్గర. బీమును దాచకుండా దాని పక్కనే అంచు కట్టించుకోండి. స్ప్లిట్ ఏసీ ఉన్న గోడ మీద అంచు వద్దు. ఏసీ గాలి పీల్చుకునేది పైనుంచే, అక్కడ మూసేస్తే చల్లదనం తగ్గుతుంది.

ఇక పనితనం. బోర్డు మందం 12.5 మిల్లీమీటర్లు, సైజు సుమారు 6×4 అడుగులు. ఫ్రేము బరువు మోసే పెద్ద ఇనుప ఛానెళ్లు 4 అడుగులకొకటి, వాటికి అడ్డంగా బోర్డు బిగించే సెక్షన్లు 18 అంగుళాలకొకటి, స్క్రూలు 9 అంగుళాలకొకటి ఉండాలి. సామాను మిగుల్చుకోవడానికి సెక్షన్లు రెండడుగులకు జరిపితే కొన్నాళ్లకు బోర్డు మధ్యలో కుంగుతుంది. బోర్డులు మూసేలోపే టేపుతో మీరే కొలవండి, తర్వాత ఏమీ కనిపించదు. ఫ్రేమును వేలాడదీసే హ్యాంగర్లను స్లాబులో డ్రిల్ చేసి ఇనుప ఫాస్టెనర్లతో బిగించాలి. చెక్క గుట్టాలు కొట్టి మేకులు వేస్తామంటే ఒప్పుకోవద్దు. జాయింట్లన్నీ ఒకే వరసలో రాకుండా ఇటుకల్లా మార్చి వేయాలి, ప్రతి జాయింటుకూ టేపు, కాంపౌండు పడాలి. టేపు లేకుండా పుట్టీ ఒక్కటే రుద్దిన చోట ఎండాకాలంలో సన్నని గీత తేలుతుంది. సీలింగ్ పక్కన నిలువుగా దిగే బోర్డుకు బిల్లు ఎలా కడతారో కూడా పని మొదలవకముందే రాయించుకోండి.

పై అంతస్తు వేడికి సీలింగ్ కొంత అడ్డుపడుతుంది, కానీ టెర్రస్ మీద వాటర్‌ప్రూఫింగ్, తెల్ల పూత ముందు కావాలి. వాన నీళ్లు దిగితే జిప్సం ఉబ్బుతుంది, మరక ఏర్పడేదాకా లీకేజీ బయటపడదు. బాత్రూముకు పీవీసీ ప్యానెళ్లే మేలు.

ఇంకా పునాది దశలోనే ఉన్నవాళ్లు స్లాబు నుంచి స్లాబుకు 11 అడుగులు పెట్టించుకోండి. అప్పుడు నిండా సీలింగ్ వేసినా 9 అడుగుల 9½ అంగుళాలు, ఫ్యాన్ రెక్కల కింద 8 అడుగుల 9½ అంగుళాలు దక్కుతాయి. మెట్ల లెక్క మాత్రం ముందే మార్చాలి. 6 అంగుళాల ఎత్తు చొప్పున 20 మెట్లు 22 అవుతాయి, రెండు వరసల మెట్లయితే ఒక్కో వరసకు 10 అంగుళాల చోటు పెరుగుతుంది. ఆ చోటు వదలకపోతే మేస్త్రి మెట్టు ఎత్తును 6.6 అంగుళాలకు లేపుతాడు, అది ఇంట్లో పెద్దవాళ్ల మోకాళ్ల మీద పడుతుంది.