జిస్ట్ కణితికి ముందు ఆపరేషనా, మాత్రలా?

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి చెన్నై వచ్చే మనవాళ్లలో చాలామంది జిస్ట్ (జీర్ణాశయం, పేగుల గోడలో పుట్టే ఒక రకం కణితి) పేరు మొదటిసారి వినేది డాక్టరు గదిలోనే. బయటికి రాగానే ఇంట్లో రెండు పక్షాలు తయారవుతాయి. పెద్దవాళ్లు కోత వద్దంటారు, పిల్లలు వెంటనే తీయించేద్దామంటారు.

ఇది మామూలు జీర్ణాశయ క్యాన్సర్ కాదు. పేగుల కదలికను నడిపించే కహాల్ కణాల్లో, అంటే గోడలోని కండరాల పొరలో పుడుతుంది. అందుకే మామూలు ఎండోస్కోపీలో పైపొర నుంచి తీసిన ముక్కలో ఏమీ దొరకకపోవచ్చు. గడ్డ కనిపిస్తున్నా రిపోర్టు బాగుందంటే ఊరటపడి ఇంటికి వెళ్లకండి. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో గోడ లోపలికి సూది పంపి ముక్క తీయించమని అడగండి.

కణితి చిన్నదై, సులువుగా అందే చోట ఉంటే ఆపరేషనే ముందు. ఈ విషయంలో నాకు సందేహం లేదు. జిస్ట్ లింఫు గ్రంథులకు పాకడం అరుదు కాబట్టి కణితిని చుట్టూ కొద్దిపాటి మంచి కణజాలపు అంచుతో తీస్తే సాధారణంగా సరిపోతుంది. సర్జన్‌ను అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న: పగలకుండా తీయగలరా? పగిలితే కణాలు కడుపులో చిమ్మి, జబ్బు తిరగబెట్టే ప్రమాదం బాగా పెరుగుతుంది. 2 సెంటీమీటర్లలోపు గడ్డ, అనుమానించే లక్షణాలేవీ లేకపోతే, అప్పుడప్పుడు పరీక్షిస్తూ ఆగడం కూడా వైద్యమే.

కణితి పెద్దదై, అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోట ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు తొందరపడి కోస్తే జీర్ణాశయం మొత్తం పోవచ్చు. కణితి ఎదుగుదలను అడ్డుకునే ఇమాటినిబ్ మాత్రను రోజుకు 400 మిల్లీగ్రాముల చొప్పున ఆరు నెలల నుంచి ఏడాది దాకా వాడి, కణితి కుంచించుకుపోయాక తీస్తే చిన్న కోతతో బయటపడవచ్చు. అయితే మాత్ర మొదలుపెట్టే ముందే జన్యు పరీక్ష చేయించాలి. కిట్ అనే జన్యువులో ఎక్సాన్ 11 అనే భాగంలో మార్పు ఉంటే మందు చక్కగా పనిచేస్తుంది. పీడీజీఎఫ్ఆర్ఏ అనే మరో జన్యువులో డీ842వీ అనే మార్పు ఉంటే ఇమాటినిబ్ పనిచేయదు, విలువైన నెలలు చేజారిపోతాయి. పరీక్ష ఖర్చని వదిలేయడం నా దృష్టిలో అన్నిటికంటే నష్టం.

మందు ధర చూసి వెనకాడేవారికి ఒక మాట. నోవార్టిస్ కంపెనీ ఈ మందుకు కోరిన పేటెంటును చెన్నై పేటెంటు కార్యాలయమే 2006లో తోసిపుచ్చింది, 2013లో సుప్రీంకోర్టు ఆ తిరస్కరణను నిలబెట్టింది. అందువల్లే మన దేశంలో చవకైన జెనరిక్ మాత్రలు దొరుకుతున్నాయి.

ముందుగా ఆపరేషన్ జరిగినా కొందరికి మాత్ర తప్పదు. తిరగబెట్టే ముప్పు ఎక్కువున్నవారికి, మందుకు లొంగే రకమైతే, ఆ తర్వాత ఏడాది కంటే మూడేళ్లు వాడటమే మేలని పరిశోధనలు తేల్చాయి. కళ్ల చుట్టూ వాపు, వికారం, కండరాల పట్టు రావచ్చు. భోజనంతో వేసుకుంటే వికారం తగ్గుతుంది. ఇక మాత్రతో తగ్గుతోంది కదా అని, తీయగలిగిన కణితిని వదిలేయడం మాత్రం ఒప్పుకోలేను. ఇమాటినిబ్ కణితిని అణచి ఉంచుతుందే గాని, సాధారణంగా పూర్తిగా తుడిచిపెట్టదు. కొన్నాళ్లకు కణాలు దానికి లొంగకుండా మారిపోవచ్చు కూడా.