గాజు పొడి పేవర్ బ్లాకులు: సరుకు మంచిదే, వయసు అడిగి కొనండి

బెంగళూరు రామమూర్తి నగర్‌లో మేం కట్టిన ఒక చిన్న అపార్ట్‌మెంట్ వాకిలికీ, కారు పార్కింగ్‌కీ ఈ బ్లాకులు వేయించాను. హోస్కోటె వైపు ఉన్న ఒక యార్డులో పోస్తున్నారు. మామూలుగా పడే సిమెంటులో ఐదో వంతు తగ్గించి, ఆ మేరకు పాత సీసాలు, కిటికీ అద్దాల పెంకులు నూరిన పొడి కలుపుతారు. మందం 60 మిల్లీమీటర్లు, గ్రేడ్ ఎం35, అంటే బ్లాకు బలం కొలత. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూశాక రాస్తున్నాను. వాకిళ్లకు, పార్కింగ్‌కు, నడకదారులకు నిశ్చింతగా వాడుకోవచ్చు. కానీ పొడి ఎంత మెత్తగా నూరారో, బ్లాకు పోసి ఎన్నాళ్లయిందో తెలుసుకోకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. సైట్ ఇంజనీర్‌గా నేను గట్టిగా చెప్పేది ఇదే.

మెత్తదనం గురించి ఎందుకింత పట్టుబడుతున్నానంటే, గాజు పెంకులుగా ఉంటే కాంక్రీటుకు శత్రువు. సిమెంటులోని క్షారాలు పెంకు అంచుల్ని కొరుక్కుతిని ఒక జిగురు తయారు చేస్తాయి. ఆ జిగురు తేమ పీల్చి ఉబ్బుతుంది, కొన్నేళ్లకు కాంక్రీటు మీద వలలాగా పగుళ్లు వస్తాయి. అదే గాజును 75 మైక్రాన్లకన్నా (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మెత్తగా, వీలైతే 45 లోపు నూరితే కథ తిరగబడుతుంది. సీసాల గాజులో 70 శాతం దాకా సిలికానే. సిమెంటు గట్టిపడేటప్పుడు కొంత సున్నం ఊరికే మిగిలిపోతుంది, దానివల్ల బలమేమీ రాదు. మెత్తటి గాజు పొడి ఆ సున్నంతో కలిసి, సిమెంటు చేసే బంధకం లాంటిదే ఇంకొంచెం తయారు చేస్తుంది. ఫ్లైయాష్, అంటే థర్మల్ ప్లాంట్ల బొగ్గు బూడిద, చేసే పని కూడా ఇదే.

యార్డులో బస్తా విప్పించి పొడిని వేళ్ల మధ్య రుద్ది చూశాను. ముఖానికి రాసుకునే పౌడర్‌లా జారిపోయింది, ఎక్కడా గరుకు తగల్లేదు. అంతటితో ఆగకుండా 45 మైక్రాన్ల జల్లెడ రిపోర్టు అడిగితే వెంటనే చూపించారు. చూపించలేని వాళ్ల దగ్గర కొనకండి.

మా మేస్త్రీ కదిరి మనిషి. మొదటి లోడు దించేటప్పుడే, "అక్కా, ఇది సీసాల పొడంట కదా, పిల్లలు పడితే మోకాళ్లు తెగవా?" అని అడిగాడు. సరైన ప్రశ్నే. ఒక బ్లాకు పగలగొట్టించి లోపల చూపించాను. కంకర, ఎం-శాండ్ (రాయి పొడి చేసిన ఇసుక), వాటి మధ్య కాస్త తెల్లటి బూడిద రంగు. ఎండలో అటూ ఇటూ తిప్పినా ఒక్క మెరుపు కనపడలేదు. మీరు కొనేదాన్ని కూడా ఇలా పగలగొట్టి చూడండి. లోపల తళుకులు కనిపిస్తే అది సిమెంటుకు బదులు వేసిన పొడి కాదు, ఇసుకకు బదులు వేసిన గాజు నలుసు. పైన చెప్పిన పగుళ్ల భయం దానికి ఉంటుంది.

ఇక వయసు. నాకు కోపం తెప్పించింది ఇక్కడే. మొదటి లోడులో కొన్ని బ్లాకుల మూలలు దించుతుండగానే రాలిపోయాయి. గోటితో గీస్తే గీత పడింది. ఆరా తీస్తే, ఆర్డర్లు మీద పడ్డాయని నీళ్లు సరిగా పట్టకుండానే పంపేశారని తేలింది. మామూలు బ్లాకైతే ఆ తొందర కొంత తట్టుకునేదేమో, గాజు పొడి బ్లాకు తట్టుకోలేదు. సున్నం పుట్టాకే గాజు పొడి పని మొదలవుతుంది, అదీ నిదానంగా. బెంగళూరు డిసెంబరు చలిలో ఇంకా నిదానం. చెడినవి మార్చి ఇచ్చారు కానీ లారీ బాడుగ మా నెత్తినే వేశారు. ఇది న్యాయం కాదని వాళ్ల ముఖం మీదే చెప్పాను. ఆ తర్వాతి లోడుకు ప్రతి పేలెట్ మీద పోసిన తేదీ పెయింటుతో రాయించాను, ల్యాబ్‌కూ పంపాను. 28 రోజులకు ఎం35 అందుకుంది, కానీ మిగులు పెద్దగా లేదు. పక్కనే టెస్టు చేయించిన మామూలు బ్లాకు అప్పటికే ముందుంది. 56 రోజులకు మాత్రం ఇది దాన్ని అందుకుంది. పేవర్ బ్లాకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 15658 ప్రకారం సగటు నీటి పీల్పు 6 శాతం దాటకూడదు, అందులోనూ పాసైంది. అందుకే చెబుతున్నాను, 28 రోజులు నిండని సరుకు గేటు లోపలికి రానివ్వకండి. ఇంకో నెల ఆగగలిగితే మరీ మంచిది.

వానలు పడ్డాక వాకిలి చూస్తే మనసుకు హాయిగా ఉంది. మామూలు పేవర్ల మీద తొలి వానలకు తెల్లగా ఉప్పు తేలినట్టు సున్నం పైకొస్తుంది చూడండి, ఇక్కడ అది చాలా తక్కువ. ఆ సున్నంలో కొంత లోపలే ఖర్చయిపోతోంది మరి. రంగు కూడా కాస్త లేతగా ఉండటంతో పార్కింగ్ వెలుతురుగా కనిపిస్తోంది.

"ఫ్లైయాష్ ఉండగా ఇదెందుకమ్మా?" అని ఫ్లాట్ కొన్న పెద్దాయన ఒకరు అడిగారు. బొగ్గు కరెంటు నడిచినంత కాలం మనకు ఫ్లైయాష్‌కు కరువు లేదు, రాయచూరు దగ్గరి శక్తినగర్ థర్మల్ ప్లాంటు నుంచే బోలెడు బూడిద వస్తుంది, ధర కూడా తక్కువ. నేను దీన్ని ఎంచుకున్నది గాజు కోసమే. బెంగళూరులో పగలని బీరు సీసాకు గుజరీ (పాత సామాన్ల) షాపులో విలువ ఉంది, కడిగి మళ్లీ నింపుతారు. పగిలి రంగులు కలిసిపోయిన పెంకుకు ఆ విలువ లేదు. బరువెక్కువ, ధర తక్కువ, పైగా చెత్త వేరుచేసే ఆడవాళ్ల చేతులు కోస్తుంది. ఆ పెంకుకు కొనేవాడొకడు దొరకడం చిన్న సంగతి కాదు. సిమెంటు వైపు నుంచి చూసినా లాభమే. సిమెంటుకు మూలమైన క్లింకర్‌ను ఒక టన్ను కాలిస్తే 800 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది, అందులో సగానికి మించి సున్నపురాయిలోంచే వస్తుంది. గాజు పొడికి కొలిమి అక్కర్లేదు, నూరే మిల్లు చాలు. కెనడాలో మాంట్రియల్ నగరం 2021 నాటికి డార్విన్ వంతెనలను కొత్తగా కట్టినప్పుడు సిమెంటులో 10 శాతం బదులు గాజు పొడి వాడింది. అమెరికాలో దీనికి 2020లోనే ఏఎస్‌టీఎం సీ1866 ప్రమాణం వచ్చింది.

అంత మాత్రాన స్లాబులో, పిల్లర్లలో వేస్తానని యార్డు వాళ్లు అంటే ఒప్పుకోకండి. కాంక్రీటు కట్టడాలకు 2000 నాటి మన ప్రమాణం ఐఎస్ 456లో ఫ్లైయాష్, సిలికా ఫ్యూమ్, వరి ఊక బూడిద, మెటాకావోలిన్, స్లాగ్ పేర్లున్నాయి, గాజు పొడి పేరు లేదు. ఇల్లు నిలబడే చోట నేను దాన్ని వాడను. నేల మీద పరిచే బ్లాకు సంగతి వేరు. ఒకటి చెడితే తీసి ఇంకొకటి పెట్టుకుంటాం.

ధర చదరపు అడుగుకు మామూలు వాటికన్నా రెండు మూడు రూపాయలు ఎక్కువే పడింది. చిన్న వాకిలికైతే ఇబ్బంది, అర లోడుకు తక్కువ పంపరు. పక్కింటి వాళ్లతో కలిసి తెప్పించుకుంటే బాడుగ కలిసొస్తుంది. వచ్చే పనికి నేను ఇవే ఆర్డరిచ్చాను, రెండు నెలలు ముందుగా.