మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో వారానికి 170 డాలర్ల షేరింగ్ బెడ్: 30 వారాలు ఉన్నాక రాస్తున్న రివ్యూ

5కి 2 స్టార్లు ఇస్తున్నాను. ఇంటి అడ్రస్, అద్దెకిచ్చిన అన్న పేరు రాయడం లేదు, ఎందుకంటే ఆ ఇంట్లో ఇంకా మన పిల్లలు ఉంటున్నారు, నా రాతల వల్ల రేపు వాళ్ళు బ్యాగులతో రోడ్డున పడకూడదు. అయినా ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. మెల్‌బోర్న్‌కి కొత్తగా చదువుకోవడానికి వస్తున్నవాళ్ళు డబ్బు పంపేముందు ఇది ఒకసారి చదవాలని రాస్తున్నాను.

యాడ్‌లో ఉన్నది ఇంతే: తెలుగు బ్యాచిలర్స్, స్టేషన్‌కి నడిచే దూరం, వారానికి 170, బిల్స్ అన్నీ అందులోనే, 4 వారాల బాండ్ (అద్దె డిపాజిట్). నేను 2025 ఫిబ్రవరిలో వచ్చాను. వీసా కోసం ఏడాది ఖర్చులకి 29,710 డాలర్లు చూపించాలి కదా, ఆ డబ్బంతా నాన్న తెచ్చిన లోనే. అందుకని 170 అనగానే ఇంకేం ఆలోచించలేదు. ఇండియాలో ఉండగానే 680 డాలర్ల బాండ్ ట్రాన్స్‌ఫర్ చేసేశాను.

ముందు బాగున్నవి చెప్తాను. రాత్రి పదకొండున్నరకి టల్లమరీన్ ఎయిర్‌పోర్టుకి అన్నే కారు వేసుకుని వచ్చాడు. ఇంటికెళ్ళేసరికి వేడివేడిగా చారు, అన్నం, ఆమ్లెట్ ఉన్నాయి. మర్నాడు రైలు, బస్సు టికెట్‌కి వాడే మైకీ కార్డు దగ్గర్నుంచి టాక్స్ ఫైల్ నంబర్ దాకా అన్నీ దగ్గరుండి చేయించాడు. ఇంట్లో కుర్రాళ్ళైతే బంగారం. మే నెలలో నాకు జ్వరం వచ్చి నాలుగు రోజులు లేవలేకపోతే ఒకడు తన షిఫ్ట్ వదులుకుని కూర్చున్నాడు. ఆ రెండు స్టార్లూ వీటికే, మనస్ఫూర్తిగా ఇస్తున్నాను.

ఇక ఇల్లు. నాలుగు బెడ్‌రూంలు, తొమ్మిది మంది. మూడు గదుల్లో ఇద్దరేసి, చిన్న గదిలో ఒకడు, హాల్లో కర్టెన్ కట్టుకుని ఇంకో ఇద్దరు. మంచాలు లేవు, కార్పెట్ మీద పరుపులే. వేడినీళ్ళు ఆరో వాడు స్నానం చేసేదాకా వస్తాయి, ఆ తర్వాత వాడి అదృష్టం. హీటర్ సాయంత్రం 7 నుంచి 9 దాకా మాత్రమే వేయాలి, ఎందుకంటే బిల్లు అన్న కడతాడు. జూన్‌లో ఒక రోజు పరుపు ఎత్తి చూస్తే కింద కార్పెట్ తడిగా ఉంది, గోడ మూలన అరచేయంత నల్లటి బూజు. వెనిగర్‌లో బట్ట తడిపి తుడిస్తే పోయేది, పది రోజులకి మళ్ళీ అక్కడే వచ్చేది. నా పక్క పరుపు వాడికి దగ్గు మొదలై ఆగస్టు దాకా తగ్గలేదు. అన్నకి చెప్తే "వింటర్‌లో అందరిళ్ళలోనూ అంతే తమ్ముడూ, కిటికీ తీసి పెట్టుకోండి" అన్నాడు.

ఇవన్నీ కూడా భరించేవాడినేమో. ఇన్‌స్పెక్షన్ రోజు మాత్రం నాకింకా కళ్ళముందే ఉంది.

అన్న ఆ ఇల్లు ఏజెంట్ దగ్గర తన పేరు మీద లీజుకి తీసుకున్నాడు, ఉండేది వేరే చోట. మేం తొమ్మిది మందిమి ఉన్నామని ఏజెంట్‌కీ తెలీదు, ఓనర్‌కీ తెలీదు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ఏజెంట్ ఇల్లు చూడ్డానికి వచ్చేముందు 7 రోజుల నోటీసు ఇస్తారు, ఆ నోటీసు అన్నకి వచ్చింది. ముందు రోజు రాత్రి గ్రూప్‌లో మెసేజ్: పొద్దున్న 8 కల్లా పరుపులు మడిచి వ్యాన్‌లో వేయాలి, హాల్లో కర్టెన్ తీసేయాలి, బాత్రూంలో రెండు బ్రష్షులకి మించి ఉండకూడదు, సాయంత్రం నాలుగు దాకా ఎవరూ ఇంటి వైపు రావద్దు. సూట్‌కేసులు లాక్కుంటూ టార్నీట్ షాపింగ్ సెంటర్‌లో తొమ్మిది గంటల నుంచి కూర్చున్నాం. వాన. మర్నాడు అసైన్‌మెంట్ సబ్మిషన్ ఉన్నవాడు ఫుడ్ కోర్టులో ప్లగ్ పాయింట్ వెతుక్కుని అక్కడే టైప్ చేసుకున్నాడు. అప్పుడే అమ్మ వీడియో కాల్ చేసింది, "ఎక్కడున్నావురా" అని. లైబ్రరీలో ఉన్నానని చెప్పాను. ఆ ఇంటికి అప్పటికే మూడు వేల డాలర్లకి పైగా కట్టాను, ఆ ఇంట్లో నేనున్నానని చూపించే కాగితం ఒక్కటి కూడా లేదు.

ఆ రాత్రే కూర్చుని రూల్స్ చదవడం మొదలుపెట్టాను. విక్టోరియాలో గదులుగా అద్దెకిచ్చి నలుగురు, అంతకంటే ఎక్కువ మంది ఉండగలిగే ఇంటిని రూమింగ్ హౌస్ అంటారు. దాన్ని స్థానిక కౌన్సిల్‌లో (మన మున్సిపాలిటీ లాంటిది) రిజిస్టర్ చేయించాలి, నడిపేవాళ్ళకి లైసెన్స్ ఉండాలి. గది తలుపుకి తాళం, కిటికీకి కర్టెన్, పనిచేసే రెండు ప్లగ్ పాయింట్లు, నిర్ణీత గడువుల్లో గ్యాస్, కరెంట్ చెక్ తప్పనిసరి. కన్స్యూమర్ అఫైర్స్ విక్టోరియా వెబ్‌సైట్‌లో రిజిస్టరైన ఇళ్ళ లిస్ట్ ఎవరైనా చూడొచ్చు, అడ్రస్ కొడితే చాలు. మా అడ్రస్ కొట్టాను, లేదు. బాండ్ సంగతీ అంతే, ఎవరు తీసుకున్నా 10 పనిదినాల్లో రెసిడెన్షియల్ టెనెన్సీస్ బాండ్ అథారిటీలో జమ చేయాలి, మనకి రసీదు నేరుగా అక్కడి నుంచే వస్తుంది. "అన్నా, నా బాండ్ రసీదు రాలేదు" అని అడిగాను. "మనలో మనకి రసీదులేంట్రా" అన్నాడు.

ఇంకొకటి చదివి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇల్లు లేనివాళ్ళంటే ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చునేవాళ్ళే అనుకునేవాడిని. 2021 జనగణన రాత్రి ఆస్ట్రేలియాలో ఇల్లు లేనివాళ్ళు 1,22,494 మంది అని లెక్క తేలితే, అందులో బయట పడుకునేవాళ్ళు 7,636 మందే. 47,895 మంది కిక్కిరిసిన ఇళ్ళలో ఉన్నవాళ్ళు. అంటే ఉన్నవాళ్ళకి సరిపడాలంటే ఇంకో నాలుగు, అంతకంటే ఎక్కువ బెడ్‌రూంలు కావాల్సిన ఇళ్ళన్నమాట. ఆ లెక్కలో పెళ్ళికాని పెద్దవాళ్ళకి తలా ఒక గది ఉండాలి. మేం తొమ్మిది మందిమి, గదులు నాలుగు, ఐదు తక్కువ. వెనకాల తోట, డబుల్ గ్యారేజ్ ఉన్న ఇంట్లో ఉంటూ ఆ లెక్క ప్రకారం మేం ఇల్లు లేనివాళ్ళం.

మరి ఎందుకున్నావురా అంటారు. క్లాసులు నడుస్తున్నప్పుడు స్టూడెంట్ వీసా మీద రెండు వారాలకి 48 గంటలే పని చేయాలి. కనీస వేతనం 2025 జులై నుంచి గంటకి 24.95. వారానికి 24 గంటలు దొరికితే టాక్స్‌కి ముందు 599 డాలర్లు, క్యాజువల్ అయితే ఇంకొంచెం ఎక్కువ, కానీ షిఫ్టులు ప్రతి వారం దొరకవు. నేను చూసిన ఒక బెడ్‌రూం యూనిట్లన్నీ వారానికి 400 దాటే ఉన్నాయి. ఫుల్‌టైం చేసేవాళ్ళ గతే బాగాలేదు, 2024లో ఆంగ్లికేర్ అనే సేవా సంస్థ వాళ్ళు దేశమంతా 45,115 అద్దె ఇళ్ళు చూస్తే కనీస వేతనం మీద ఒంటరిగా బతికే మనిషి భరించగలిగినవి 289 ఉన్నాయి. కాబట్టి షేరింగ్‌లో ఉండటం తప్పని నేను అనను, ఇక్కడ అందరం అలాగే మొదలుపెడతాం. తప్పల్లా మన పేరు ఎక్కడా లేకుండా డబ్బు తీసుకోవడం.

దాని దెబ్బ ఇల్లు మారదామనుకున్నప్పుడు తెలిసింది. ముగ్గురం కలిసి 23 అప్లికేషన్లు పెట్టాం. ప్రతిదాంట్లో మొదటి ప్రశ్న రెంటల్ హిస్టరీ. 30 వారాలు ఒక్క వారం కూడా ఆలస్యం చేయకుండా 5,100 డాలర్లు కట్టాను, చూపించడానికి ఏమీ లేదు. శనివారం అద్దె ఇల్లు చూపించే పావుగంట ఇన్‌స్పెక్షన్‌కి లైన్లో ముప్పై మంది ఉంటారు, వాళ్ళ చేతిలో రిఫరెన్సులుంటే మన పేరెవరు చూస్తారు? చివరికి మాలో ఒకడి ఫుల్‌టైం పేస్లిప్పులు, నా బ్యాంక్ స్టేట్‌మెంట్లో ప్రతి సోమవారం వెళ్ళిన 170 చూపించి ఒక ఏజెంట్‌ని ఒప్పించాం. ఇప్పుడైతే యాడ్‌లో రాసిన అద్దె కంటే ఎక్కువ ఎవరు ఇస్తామన్నా తీసుకోకూడదని 2025 నవంబర్ 25 నుంచి రూల్ వచ్చింది, కొత్తగా వెతికేవాళ్ళకి అది కొంచెం నయం.

బాండ్ విషయం. వెళ్ళిపోతానని రెండు వారాల ముందే చెప్పాను. బూజు క్లీనింగ్‌కి అయిందని 680లో 200 మాత్రమే ఇస్తానన్నాడు. గొడవ పడలేదు. ట్రాన్స్‌ఫర్ స్క్రీన్‌షాట్, జూన్‌లో బూజు గురించి పంపిన ఫోటోలు, ఆయన జవాబు అన్నీ ఒకచోట పెట్టి, బాండ్ అథారిటీలో జమ కాలేదని, అద్దె గొడవలు తేల్చే రెంటల్ డిస్ప్యూట్ రిజల్యూషన్ విక్టోరియాలో అప్లికేషన్ పెడుతున్నానని మర్యాదగానే మెసేజ్ చేశాను. దానికి ఫీజు లేదు. మూడో రోజు 600 వచ్చింది. మిగతా 80 వదిలేశాను, ఆ ఎయిర్‌పోర్టు రాత్రి గుర్తొచ్చి.

కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, మొదటి రెండు మూడు వారాలు అలాంటి ఇంట్లో ఉండండి, పర్లేదు, కానీ బాండ్ మాత్రం రసీదు వచ్చే చోటే కట్టండి. లీజులో పేరు చేర్పిస్తారా, సబ్‌లెట్‌కి, అంటే లీజు తీసుకున్నవాడు మళ్ళీ మనకి అద్దెకివ్వడానికి, ఓనర్ రాసి ఒప్పుకున్నాడా అని ఫోన్లోనే అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని నేను మొహమాటపడ్డాను, మీరు పడొద్దు.

ఇప్పుడు వారానికి 465కి మూడు గదుల ఇంట్లో ముగ్గురం ఉన్నాం, లీజు మీద ముగ్గురి పేర్లూ ఉన్నాయి. ఫిబ్రవరిలో ఏజెంట్ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చింది. నేను వంటింట్లోనే ఉన్నాను, కుక్కర్ విజిల్ వేస్తోంది, ఆవిడ గోడలు చూసి రెండు ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయింది. పాత ఇంట్లో నలుగురు ఇంకా ఉన్నారు. వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి పిలిచాం, బ్యాంక్ స్టేట్‌మెంట్లు తెచ్చుకోమన్నాను, తిన్నాక అప్లికేషన్లు నింపుతాం.