సిల్వర్ కారు రివ్యూ: డిజైర్ సిల్కీ సిల్వర్ ని ఏళ్ల తరబడి వాడి, కడిగి, పాలిష్ చేశాక

కలర్ కి కూడా రివ్యూ ఏంటి అనుకోకండి. కారు కొనేటప్పుడు మైలేజ్, బూట్ స్పేస్, ఎయిర్‌బ్యాగ్స్ అన్నీ వంద సార్లు చూస్కుంటాం, యూట్యూబ్ మొత్తం తిరగేస్తాం, కలర్ మాత్రం షోరూమ్ లో సేల్స్ అతను చూపించిన కార్డు మీద రెండు నిమిషాల్లో తేల్చేస్తాం, ఇక ఆ తర్వాత ఆ కలర్ తోనే పదేళ్లు కాపురం. వారం వారం కడిగేది ఆ కలర్ నే, ఎక్కడైనా గీసుకుంటే పెయింటర్ దగ్గర బాధపడేది కూడా ఆ కలర్ వల్లనే. అందుకే రాస్తున్నా.

మాది 2014 డిజైర్ డీజిల్, సిల్కీ సిల్వర్, పెయింట్ కోడ్ జెడ్2ఎస్. ఉండేది సికింద్రాబాద్ మెట్టుగూడలో, పక్కనే రైలు పట్టాలు, లాలాగూడ రైల్వే వర్క్‌షాపు కూడా దగ్గరే. కారుకి షెడ్ లేదు, ఎండైనా వానైనా బయటే. అంటే సిల్వర్ కి ఎన్ని పరీక్షలు పెట్టొచ్చో అన్నీ పెట్టినట్టే.

ముందు మంచి సంగతులు. మన ఊళ్లలో రోడ్డు మీద లేచే దుమ్ము బూడిద రంగులో ఉంటది కదా, అది సిల్వర్ మీద పడినా కనపడదు. మా పక్కింటి వాళ్లది నల్ల క్రెటా, పొద్దున కడిగితే సాయంత్రానికి వేలితో పేరు రాసేంత దుమ్ము కనపడతది, మా కారు మీదా అంతే దుమ్ము ఉంటది కానీ చూసేవాళ్లకి నిన్ననే కడిగినట్టు ఉంటది. వాన నీటి మచ్చలు, మైక్రోఫైబర్ తో తుడిచినప్పుడు పడే సన్న గీతలు, అవే ఎండలో సాలెగూడు లాగా గుండ్రంగా మెరిసే స్విర్ల్ మార్కులు, ఇవన్నీ నల్ల కారు మీద పది అడుగుల దూరం నుంచే తెలుస్తాయి, సిల్వర్ మీద మాత్రం టార్చ్ పట్టుకుని వెతకాల్సిందే. దీనికి కారణం ఏంటంటే సిల్వర్ పెయింట్ లో సన్నటి అల్యూమినియం రేకులు ఉంటాయి, వాటి మీద పడిన వెలుగు నానా దిక్కులకి చెదిరిపోతది, ఆ మెరుపులో రంగు పైన ఉన్న క్లియర్ కోట్, అంటే రంగు లేని పారదర్శక పొర, దాని మీది సన్న గీత కలిసిపోయి కంటికి దొరకదు.

ఎండ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఏప్రిల్, మే లో మన దగ్గర అదే అసలు సమస్య. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్లు 2011 లో వేసిన స్టడీ కోసం ఒక నల్ల హోండా సివిక్, ఒక సిల్వర్ సివిక్ పక్కపక్కన ఎండలో పెట్టి కొలిచారు, నల్ల కారు టాప్ సిల్వర్ దాని కంటే 25 డిగ్రీల దాకా ఎక్కువ వేడెక్కింది, లోపలి గాలిలో కూడా 5, 6 డిగ్రీల తేడా వచ్చింది. మధ్యాహ్నం సికింద్రాబాద్ స్టేషన్ బయట ఎవరి కోసమో వెయిట్ చేసి మళ్లీ కారెక్కినప్పుడు ఆ 5 డిగ్రీలు ఎంతో అనిపిస్తది. అలాగని చల్లగా ఉంటది అనుకోకండి, కాలేది కాలుతూనే ఉంటది, ఏసీ కాస్త తొందరగా అందుకుంటది అంతే.

సేఫ్టీ గురించి మాత్రం వాట్సాప్ లో తిరిగే మాటలు నమ్మొద్దు. సిల్వర్ కార్లకి యాక్సిడెంట్లు తక్కువ అనే మాట న్యూజిలాండ్ లో చేసిన ఒక స్టడీ నుంచి వచ్చింది, 2003 లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ లో వేశారు, తెల్ల కార్లతో పోలిస్తే సిల్వర్ కార్లలో పెద్ద దెబ్బలు తగిలే యాక్సిడెంట్లు సగమే అన్నారు. తర్వాత ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీ వాళ్లు చూస్తే సరిగ్గా ఉల్టా వచ్చింది, పగటి పూట తెల్ల కారు కంటే సిల్వర్ కే రిస్క్ ఎక్కువ అని. నాకైతే రెండోదే నిజం అనిపిస్తది, ఎందుకంటే డిసెంబర్, జనవరి లో పొద్దున్నే విజయవాడ హైవే ఎక్కి చౌటుప్పల్ దాటితే పొగమంచులో ముందు పోయే సిల్వర్ కారు, రోడ్డు, ఆకాశం మూడూ ఒకే రంగులో ఉంటాయి. సిల్వర్ కారు ఉన్నవాళ్లు మంచులో, జోరు వానలో పగలైనా సరే హెడ్‌లైట్లు వేయండి, పార్కింగ్ లైట్లు చాలవు.

ఇప్పుడు కడగడం, డిటైలింగ్ సంగతి, నాకు చాలా ఇష్టమైన పార్ట్ ఇది.

సిల్వర్ లో ఉన్న అసలు ఇబ్బంది ఏంటంటే అది దుమ్ము, గీతలు దాచేస్తది. బయటికి బాగానే ఉంది కదా అని ఓనర్ వదిలేస్తాడు, వాచ్‌మన్ పొద్దున్నే ఒక బకెట్, ఒక పాత బనీన్ ముక్క తీసుకుని పది కార్లు అదే నీళ్లతో తుడుస్తాడు, ఆ ఇసుక రేణువులు నల్ల కారు క్లియర్ కోట్ ని ఎంత అరగదీస్తాయో సిల్వర్ దాన్నీ అంతే అరగదీస్తాయి. ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం కలిపితేనే సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్ లో వెయ్యో వంతు), అందులో పైనున్న క్లియర్ సుమారు 40. ఎండని ఆపేది ఆ 40 మైక్రాన్లే. పాత సిల్వర్ శాంత్రోలు, ఇండికాలు గమనించండి, టాప్ మీద, బానెట్ మీద తెల్లగా పొట్టు లేచినట్టు ఉంటది, అది క్లియర్ కోట్ చచ్చిపోవడం, దానికి ఏ పాలిష్ పనిచేయదు, ఆ ప్యానెల్ గీకి మళ్లీ పెయింట్ వేయించాల్సిందే. మీ వాచ్‌మన్ కి కోపం రాకుండా ఒక మాట చెప్పండి, రోజూ తుడవక్కర్లేదు, అద్దాలు మాత్రం తుడవమని, బాడీ జోలికి పోవద్దని. నెలకి ఇచ్చే డబ్బులు మాత్రం అంతే ఇవ్వండి.

సిల్వర్ ని కంటితో కాదు చేత్తో చూడాలి. కారు కడిగి ఆరాక, పల్చటి పాలిథిన్ కవర్ లో చెయ్యి పెట్టి బానెట్ మీద మెల్లగా జరపండి. కళ్లకి అద్దంలా కనపడే చోట కూడా వేళ్ల కింద గరుగ్గా, సన్న ఇసుక అంటినట్టు తగుల్తది. మా దగ్గర అయితే రైలు చక్రాలు, బ్రేకుల నుంచి లేచే ఇనప పొడి ఎక్కువ, అది పెయింట్ మీద కూర్చుని తుప్పు పడతది, దగ్గరికి వెళ్లి చూస్తే ఆవగింజ కంటే చిన్న నారింజ చుక్కలు. డిక్కీ మీద, వెనక బంపర్ మీద బాగా ఉంటాయి. సిల్వర్ మీద, తెల్ల రంగు మీద ఈ చుక్కలు తెలుస్తాయి కాబట్టి ఒక రకంగా మంచిదే, నల్ల కారు వాళ్లకి ఉన్నా తెలీదు.

దీనికి ఐరన్ రిమూవర్ అని స్ప్రే వస్తది. నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు కొట్టాలి. మొదట నీళ్లలాగే ఉంటది, ఒక నిమిషం ఆగితే ప్రతి చుక్క దగ్గర వంగపండు రంగు మొదలవుతది, ఇంకాసేపటికి సన్న సన్న ఊదా ధారలు సిల్వర్ మీద జారుకుంటూ బంపర్ దాకా వస్తాయి. ఇనుముతో అందులో ఉన్న థయోగ్లైకొలేట్ కలిసి ఆ రంగు వస్తది. కుళ్లిన గుడ్డు వాసన వస్తది, మాస్క్, గ్లోవ్స్ వేస్కోండి, పెయింట్ మీద ఆరిపోనివ్వకుండా బాగా నీళ్లు కొట్టండి. ఇది చూశాక ఇంట్లో వాళ్లు కూడా ఇంత ఇనుము ఉందా అని నోరెళ్లబెడతారు. ఆ తర్వాత క్లే బార్, అంటే పెయింట్ కి అంటుకున్న గరుకుని లాగేసే మెత్తటి మట్టి ముద్ద లాంటిది, దానికి సబ్బు నీళ్లు బాగా ఉండాలి, కింద పడితే మట్టి అంటుకుంటది కాబట్టి ఆ ముక్క పారేయాల్సిందే, ఇందులో కక్కుర్తి పడొద్దు.

తారు చుక్కలు సిల్వర్ కి పెద్ద శత్రువు. కొత్తగా వేసిన రోడ్డు మీద ఒక్కసారి వెళ్తే చాలు, టైర్ల వెనక, డోర్ల కింద నల్ల చుక్కలు పడతాయి. గోటితో గీకొద్దు, టార్ రిమూవర్ గుడ్డకి పెట్టి కాసేపు ఆనించి ఉంచితే దానంతట అదే కరుగుతది. వరంగల్ వైపు ఎర్రమట్టి కూడా కింద అంచుల్లో బాగా తెలుస్తది. బోర్ నీళ్లు కూడా జాగ్రత్త, ఎండలో కడిగి అలాగే వదిలేస్తే కాల్షియం మచ్చలు మిగుల్తాయి, వాటికి తెల్ల వెనిగర్ లో సగం నీళ్లు కలిపి రాసి కడిగేయండి, చాలా వరకు పోతాయి. దసరాకి పెట్టే బొట్ల సంగతి కూడా, పూజ చేస్కోండి, కానీ మన బజార్లో దొరికే రంగు కుంకుమ తడిగా ఎక్కువ రోజులు ఉంచితే గులాబీ నీడ ఉండిపోతది, పసుపు అయితే ఎండకి వెలిసిపోతది. మర్నాడే మెత్తగా నీళ్లతో తీసేయండి, దేవుడేం అనుకోడు.

పాలిష్ కి వస్తే సిల్వర్ మీద శ్రమకి తగ్గ ఫలితం కనపడదు, ఇది ముందే తెలుస్కుని దిగండి. నల్ల కారుకి మెషిన్ పాలిష్ చేస్తే అద్దంలా మొహం చూస్కోవచ్చు, సిల్వర్ కి అదే పని అంతే సేపు చేసినా తోమిన స్టీల్ బిందె లాంటి తేట మెరుపు వస్తది తప్ప లోతు రాదు. వ్యాక్స్ ల మీద ఎక్కువ ఖర్చు పెట్టేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోండి, కార్నోబా వ్యాక్స్ ఇచ్చే ఆ వెచ్చటి లోతు ఎరుపు, నలుపు, నీలం మీదే తెలుస్తది, సిల్వర్ కి సింథటిక్ సీలెంట్ బెస్ట్, రేకుల మెరుపు ఇంకా పదునుగా కనపడతది, ఎక్కువ రోజులు ఆగుతది, ధరా తక్కువే. రబ్బింగ్ పాలిష్ అని రోడ్డు పక్కన ఉన్ని ప్యాడ్ పెట్టి గరగరా తిప్పేవాళ్ల దగ్గరికి మాత్రం పోకండి. శుభ్రంగా కడిగి క్లే చేసిన ప్యానెల్ మీద కూడా ప్యాడ్ కి బూడిద రంగు వస్తుందంటే క్లియర్ దాటి రంగు పొరకి తగిలిందేమో అని అనుమానించి వెంటనే ఆపేయించండి.

సెరామిక్ కోటింగ్ గురించి చాలామంది అడుగుతారు. అమ్మేవాళ్లు చెప్పే 9హెచ్ అంటే పెన్సిల్ గీత టెస్టు కొలత, రాయి తగిలినా గీత పడదు అని కాదు, పొర మందం ఒకటి రెండు మైక్రాన్లే. నీళ్లు జారిపోవడం, కడగడం తేలికవడం మాత్రం నిజంగా బాగుంటది. సిల్వర్ మీద వేయించేటప్పుడు ఒక్క సంగతి చూడండి, సరిగ్గా తుడవని చోట కోటింగ్ మందంగా మిగిలితే సిల్వర్ లో అది అక్కడికక్కడ కనపడదు, గట్టిపడ్డాక ఎండలో ఇంద్రధనస్సు మరకలాగా బయటపడతది. డెలివరీ తీసుకునే ముందు టార్చ్ ని ప్యానెల్ కి ఏటవాలుగా పెట్టి ప్రతి భాగం చూడండి, మొహమాటం వద్దు, వేలకి వేలు ఇస్తున్నాం.

నాకు తెలిసిన ఇంకో కిటుకు, సిల్వర్ కారు అందం బాడీలో కంటే అంచుల్లో ఉంటది. టైర్లు నల్లగా ఉన్నాయా, వైపర్ల కింద ప్లాస్టిక్ తెల్లబారిందా, హెడ్‌లైట్లు పసుపెక్కాయా, అద్దాలు తేటగా ఉన్నాయా, వీటి మీదే చూపు పడతది. ఒక ఆదివారం మొత్తం బానెట్ పాలిష్ చేసే బదులు టైర్ డ్రెస్సింగ్, ట్రిమ్ రెస్టోరర్, హెడ్‌లైట్ల క్లీనింగ్ చేయండి, కారు ఐదేళ్లు చిన్నదైనట్టు ఉంటది.

ఇక అసలు మైనస్, పెయింట్ రిపేర్. ఈ ఒక్క దాని వల్లే సిల్వర్ కి నేను ఐదుకి ఐదు ఇవ్వను, మూడున్నర ఇస్తా. తార్నాక సిగ్నల్ దగ్గర ఆటో వెనక డోర్ గీసుకుంటూ పోయింది, ఒక వర్క్‌షాప్ లో టింకరింగ్ చేసి, లప్పం పెట్టి, ఆ ఒక్క డోర్ కే పెయింట్ వేసి ఇచ్చారు. షెడ్ లో ట్యూబ్‌లైట్ కింద చక్కగా కలిసిపోయింది, బయటికి తీసి ఎండలో పక్కనుంచి చూస్తే డోర్ ఒక్కటే ముదురుగా, కారుకి వేరే బండి డోర్ తగిలించినట్టు. షేడ్ కోడ్ కరెక్టే సార్ అంటారు, వాళ్లు చెప్పింది అబద్ధం కాదు కూడా. సిల్వర్ లో కోడ్ ఒక్కటే సరిపోదు, స్ప్రే గన్ ప్రెషర్ ఎంత, ఎంత తడిగా కొట్టారు, థిన్నర్ ఏది, వీటిని బట్టి రేకులు పడుకునే తీరు మారతది, ఎదురుగా చూస్తే ఒక రంగు, పక్కనుంచి చూస్తే ఇంకో రంగు. కొత్త కార్లలో కూడా బంపర్, ఫెండర్ పక్కపక్కన ఒక్కోసారి కాస్త తేడాగా ఉండేది ఇందుకే, ప్లాస్టిక్ వేరుగా పెయింట్ అయ్యి వస్తది. రేకులు లేని తెల్ల సాలిడ్ కలర్ లో ఈ గొడవ చాలా తక్కువ.

తర్వాత వేరే పెయింటర్ దగ్గర సరి చేయించా, ఆయన పద్ధతి చూశాక ఎవరైనా ఇలాగే అడగాలి అనిపించింది. ముందు చిన్న రేకు ముక్క మీద కొట్టి, క్లియర్ కూడా వేసి, ఆరాక బయటికి తెచ్చి డోర్ పక్కన పెట్టి నిలబడి, వంగి, పక్కనుంచి చూశాడు, నచ్చక మళ్లీ కలిపాడు. రంగుని డోర్ దగ్గరే ఆపకుండా ముందు డోర్ మీదికి, వెనక క్వార్టర్ ప్యానెల్ మీదికి పల్చగా జార్చి, మూడిటికీ పూర్తిగా క్లియర్ కొట్టాడు. ఖర్చు ఎక్కువే అయింది, టైమ్ కూడా, కానీ ఇప్పుడు ఏ ఎండలో చూసినా అతుకు దొరకదు. పెయింట్ ఇచ్చే ముందు బ్లెండింగ్, అంటే ఇలా పక్క ప్యానెల్స్ మీదికి రంగు జార్చడం, చేస్తారా, టెస్ట్ ముక్క చూపిస్తారా అని అడగండి, అక్కర్లేదు సార్ అంటే ఇంకో షాపు చూస్కోండి. బండి ఉదయం పది లోపే తీసుకోండి, చీకటి పడ్డాక డెలివరీ వద్దు. వాళ్లు కలిపిన డబ్బా మీద ఫార్ములా స్టిక్కర్ ఉంటది, ఏ కంపెనీ పెయింటో కూడా కనపడేలా ఫోటో తీసి ఫోన్ లో పెట్టుకోండి, ఇంకోసారి పక్క ప్యానెల్ కి అవసరం పడితే అదే కంపెనీది అదే ఫార్ములాతో కలిపించొచ్చు.