జాగ్రత్త: ‘రెండు అంగుళాల లిఫ్ట్’ అన్న మాట ఒక్కటీ నమ్మి స్ప్రింగ్‌లు కొనకండి

చిన్న ఫోర్ బై ఫోర్‌కి (ఇంజను నాలుగు చక్రాలనీ తిప్పగల బండి) కొత్త స్ప్రింగ్‌లు వేయిద్దామని చూస్తున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది ఒకసారి చదవండి. నేను కట్టాక తెలుసుకున్నాను. స్ప్రింగ్‌ల సెట్ ఒకటి, దాన్ని సరిచేద్దామని కొన్న షాక్ అబ్జార్బర్‌లు నాలుగు, విప్పి బిగించిన కూలీ రెండుసార్లు. అన్నీ పోయాయి.

మాది మూడో తరం సుజుకి జిమ్నీ. 1998 నుంచి 2018 దాకా వచ్చిన రకం. నిచ్చెన ఛాసిస్, ముందూ వెనకా గట్టి యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు), నాలుగు మూలలా కాయిల్ స్ప్రింగ్‌లు. దాని ముందు వచ్చిన సామురాయ్ లాంటి వాటికి కమాన్ కట్టలు ఉండేవి, వాటి కథ వేరు. నా బండికి వెనక స్ప్రింగ్‌లు వయసైపోయి కుంగాయి. వెనక ఇద్దరు కూర్చుంటే ప్రతి గతుకులోనూ యాక్సిల్ బంప్ స్టాప్‌కి (చివర అడ్డుకునే రబ్బరు దిమ్మె) కొట్టుకునేది. ఎలాగూ మారుస్తున్నాం కదా, కాస్త ఎత్తు కూడా పెంచుకుందాం (దీన్నే లిఫ్ట్ అంటారు) అనుకున్నాను. అక్కడే మొదలైంది.

అమ్మినతను నన్ను అడిగినవి రెండే రెండు: మోడల్ ఏది, ఏ సంవత్సరం. బండిలో ఏం మోస్తారు, ముందు వించ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) ఉందా, ఇనుప బంపర్ ఉందా, వెనక సామాను ఎప్పుడూ ఉంటుందా అని ఒక్క మాట అడగలేదు. నేనే ‘స్ప్రింగ్ రేట్ ఎంతండీ’ అని అడిగాను. ధర చెప్పాడు. ఆ రేటు కాదండీ, గట్టిదనం లెక్క అన్నాను. ‘హెవీ డ్యూటీ సార్, కళ్లు మూసుకుని వేసుకోండి’ అన్నాడు. అప్పుడే ఫోన్ పెట్టేసి ఉండాల్సింది. నవ్వుకుని ఆర్డర్ ఇచ్చాను.

బిగించిన రోజు బండి చూస్తే తోక ఎత్తిన తేలులా ఉంది. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి కొలిస్తే వెనక 74 మి.మీ. పెరిగింది. అతను చెప్పింది రెండు అంగుళాలు, అంటే 50. ముందు 60 దాకా వచ్చింది. ఫోన్ చేస్తే ‘కొత్తవి కదా, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సెట్ అవుతాయి’ అన్నాడు. కొత్త స్ప్రింగ్ కొన్ని మిల్లీమీటర్లు కుంగే మాట నిజమే. పాతికో ముప్పయ్యో కుంగిందంటే అది సెట్ అవడం కాదు, ఉక్కు నాసిరకమని అర్థం. వెయ్యి తిరిగాను. 3 మి.మీ. తగ్గింది.

ఎందుకిలా అయిందో తర్వాత కూర్చుని లెక్క వేశాను. కొత్త స్ప్రింగ్ విడిగా నిలబెడితే పాతదానికన్నా 45 మి.మీ. మాత్రమే పొడవు. మరి 74 ఎక్కడి నుంచి వచ్చింది? ఒక మిల్లీమీటరు నొక్కడానికి 2 కిలోలు కావాల్సిన స్ప్రింగ్ మీద 180 కిలోలు పెడితే 90 మి.మీ. కుంగుతుంది. 3 కిలోలు కావాల్సిన స్ప్రింగ్ మీద అదే బరువు పెడితే 60 మాత్రమే కుంగుతుంది. అంటే పొడవు ఒకటే అయినా, గట్టిదనం పెరిగినందుకే బండి 30 మి.మీ. పైకి లేస్తుంది. ఆ ముప్పయ్యికి నా 45 కలిపి చూడండి.

నాకు పంపినవి వెనక ఎప్పుడూ 150 కిలోల సామాను ఉంటుందనుకుని చేసినవి. ఇనుప బంపర్, అదనపు ట్యాంకు, డ్రాయర్లు, వాటర్ క్యాన్‌లు ఉన్న బండికి అవి సరిగ్గా 50 ఎత్తు ఇస్తాయి. నా బండి వెనక ఒక స్పేర్ వీలు, ఒక టూల్ బ్యాగు. రెండు స్ప్రింగ్‌లకి చెరో 75 కిలోలు తగ్గితే అదే లెక్కన 25 మి.మీ. అదనంగా లేవక ఏం చేస్తుంది! ‘లిఫ్ట్’ అనేది స్ప్రింగ్ గుణం కాదు, ఆ స్ప్రింగ్ మీద మీ బండి పెట్టే బరువుని బట్టి వచ్చే ఫలితం. ఎంత బరువుకి ఆ ఎత్తు వస్తుందో చెప్పకుండా ఎత్తు ఒక్కటే చెప్పేవాడు సగమే చెప్తున్నాడు.

తీగ మందం చూసి కూడా చాలా గ్రహించవచ్చు. కాయిల్ స్ప్రింగ్ గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుంది. చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య ఒకటే ఉండి తీగ 12 మి.మీ. నుంచి 13కి పెరిగితే గట్టిదనం దాదాపు 38 శాతం పెరుగుతుంది. ఒక్క మిల్లీమీటరు, కంటికి ఆనదు. వెర్నియర్ (సన్నటి కొలతల పరికరం) పెట్టాలి, దాని మీదున్న పెయింటు మందం తీసేయాలి. చుట్లు తగ్గితే గట్టిపడుతుంది, చుట్టు వెడల్పు పెరిగితే మెత్తబడుతుంది. ఎత్తు ఎక్కువైన స్ప్రింగ్‌ని ఒక చుట్టు కోసేసి ‘సరిచేశాం’ అనేవాళ్లు ఎక్కువైన గట్టిదనాన్ని ఇంకా పెంచుతున్నారన్నమాట. వేడి చేసి వంచేవాళ్లయితే ఉక్కుకి చేసిన టెంపరింగే (కొలిమి పదునే) పోగొడతారు.

ఇక నడక సంగతి. ఖాళీ బండి ప్రతి చిన్న గతుకుకీ గెంతుతుంది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెనక నుంచి ‘ఠక్’ మని ఒక శబ్దం. నెల రోజులు బుష్ (కీళ్లలో ఉండే రబ్బరు తొడుగు) అరిగిందనుకుని తిరిగాను. అది షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగిపోయి లోపల పైచివరకి కొట్టుకునే శబ్దం. కంపెనీ షాక్‌లు కంపెనీ ఎత్తుకి సరిపోయే పొడవుతో ఉంటాయి. బండి 74 లేచిందంటే చక్రం కిందికి వేలాడే జాగాలో అంత భాగం ముందే ఖర్చయిపోయినట్టే. పైగా ఆ పాత షాక్‌లలో ఉన్న డ్యాంపింగ్ (ఊపుని అణిచే శక్తి) మెత్తటి స్ప్రింగ్ కోసం పెట్టింది, ఈ గట్టి స్ప్రింగ్ ఊపుని అవి పట్టలేవు.

‘అయితే పొడుగు షాక్‌లు వేయండి సార్’ అన్నాడు అదే మనిషి. వేశాను. ఇది నా రెండో తెలివితక్కువ పని, అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను. కొత్త షాక్‌లు పాతవాటికన్నా 75 మి.మీ. ఎక్కువ సాగుతాయి. స్ప్రింగ్ మాత్రం 45 మి.మీ.లే పొడవు. అంటే చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగ్‌కీ దాని సీటుకీ మధ్య ఖాళీ వస్తుంది. ఇంట్లో కూర్చుని కాగితం మీద వేసి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేది. నాకు ఒక అడ్డగుంటలో తెలిసింది. ఎడమ వెనక చక్రం గాల్లోకి వేలాడింది, స్ప్రింగ్ సీటులోంచి జారింది, బండి మళ్లీ బరువు దించేసరికి వంకరగా కూర్చుని పెద్ద చప్పుడు. దిగి చూస్తే బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ వెళ్లే గొట్టం) కూడా వీణ తీగలా బిగుసుకుని ఉంది. ఇంకొక్క అంగుళం సాగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం మానేశాను.

కాబట్టి స్ప్రింగ్, షాక్ రెండూ కలిపి చూడండి. పూర్తిగా సాగినప్పుడు స్ప్రింగ్ ఇంకా కాస్త నొక్కుకునే ఉండాలి. పూర్తిగా నొక్కినప్పుడు చుట్లు ఒకదానికొకటి తగలకముందే బంప్ స్టాప్ ఆపాలి. లావు తీగ, ఎక్కువ చుట్లు ఉన్న స్ప్రింగ్ త్వరగా దిమ్మెలా మూసుకుపోతుంది. 13 మి.మీ. తీగ తొమ్మిది చుట్లంటే 117 మి.మీ. దగ్గర ఇక నొక్కడానికేమీ మిగలదు, ఆ దెబ్బ నేరుగా ఛాసిస్‌కి తగులుతుంది. ‘ప్రోగ్రెసివ్’ (కొన్ని చుట్లు దగ్గరగా ఉండి, నొక్కినకొద్దీ గట్టిపడే రకం) అని రాసినవి చూసి కూడా మురిసిపోకండి. బండి బరువుకే దగ్గర చుట్లన్నీ మూసుకుపోతే నడిపేటప్పుడు మీకు మిగిలేది ఆ గట్టి భాగమే.

స్టీరింగ్ వణుకు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. 70 వేగంలో చిన్న గుంటలో పడితే చాలు, స్టీరింగ్ రెండు చేతుల్లో గింజుకునేది. ఈ రకం బండ్లలో ముందు భాగం లేస్తే యాక్సిల్ కొద్దిగా తిరిగి క్యాస్టర్ కోణం (ముందు చక్రం పక్కకి తిరిగే కీలు వెనక్కి వాలి ఉండే వాలు) తగ్గుతుంది, చక్రానికి తిన్నగా వెళ్లాలనే పట్టు సడలుతుంది. దాన్ని సరిచేయడానికి వేరే బుష్‌లు దొరుకుతాయి. అయితే తప్పంతా స్ప్రింగ్‌ల మీద వేయను. నా కింగ్‌పిన్ బేరింగులు (ఆ కీలులో ఉండేవి) అప్పటికే అరిగి ఉన్నాయి, ఎత్తు పెరగడంతో దాగి ఉన్న రోగం బయటపడింది. పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్‌ని అడ్డంగా ఛాసిస్‌కి కట్టే కడ్డీ) ఉన్నందువల్ల బండి లేచినకొద్దీ యాక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది కూడా. రెండు వైపులా టైరు నుంచి ఫెండర్ అంచుకి కొలిస్తే తేడా కనిపిస్తుంది. ఇవేవీ ఆ అమ్మకందారు నోట రాలేదు.

వెనక్కి ఇచ్చే ప్రయత్నం సంగతి క్లుప్తంగా చెప్తాను. బిగించిన సరుకు తీసుకోం అన్నాడు. ఫలానా ఎత్తు వస్తుందని రాసి ఇచ్చారా అంటే లేదు, ‘సుమారు’ అని ఉంది బిల్లులో. స్ప్రింగ్ మీద పార్ట్ నంబరు లేదు, ఎడమదా కుడిదా అన్న గుర్తు కూడా లేదు. కొన్ని సెట్లలో డ్రైవరు వైపు స్ప్రింగ్ కాస్త వేరుగా చేస్తారు. గుర్తు లేకపోతే అది కూడా తెలియదు. బిగించకముందే నాలుగింటినీ పక్కపక్కన నిలబెట్టి ఫోటోలు తీసి, పొడవు, తీగ మందం, చుట్లు రాసుకుని ఉంటే కనీసం వాదించడానికి ఏదో ఒకటి ఉండేది. మీరు మాత్రం ఆ పని చేయండి.

రెండోసారి ఏం చేశానంటే, రోజూ ఎలా నడుపుతానో అలాగే, ట్యాంకు నింపి, సామానుతో వేబ్రిడ్జి మీదికి వెళ్లాను. ముందు చక్రాలు మాత్రమే పెట్టి ఒకసారి, వెనకవి మాత్రమే పెట్టి ఒకసారి తూయించాను. అందులో యాక్సిల్, చక్రాల బరువు స్ప్రింగ్ మీద పడదు కాబట్టి దాన్ని తీసేసి లెక్క చూడాలి. ఆ అంకెలు, నాలుగు మూలలా హబ్ (చక్రం మధ్య) నుంచి ఫెండర్ దాకా ఉన్న కొలతలు (నేల నుంచి కొలవకండి, టైరు గాలిని బట్టి మారుతుంది) రాసి వేరే చోట పంపాను. వాళ్లు తిరిగి నాలుగు ప్రశ్నలు అడిగారు. ఆ ప్రశ్నలు చూడగానే సగం ధైర్యం వచ్చింది. వెనక ఖాళీగా నడిచే బండికి మధ్యరకం చాలన్నారు, గట్టిదనం అంకె, ఏ బరువుకి ఎంత ఎత్తు అన్నది రాతలో ఇచ్చారు. 40 అన్నారు, 38 వచ్చింది. వాటికి సరిపడే షాక్‌లు మాత్రం మళ్లీ కొనాల్సి వచ్చింది.

బిగించేటప్పుడు మెకానిక్‌కి ఒక మాట చెప్పండి. ఆర్మ్‌లు (యాక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే చేతులు), పాన్‌హార్డ్ రాడ్ బోల్టులు జాకీ మీద ఉండగా ఫైనల్‌గా టైట్ చేయకూడదు. బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే చేయాలి. లేకపోతే రబ్బరు బుష్ ఎప్పుడూ మెలితిరిగి ఉండి త్వరగా చిరుగుతుంది. నా మొదటి బిగింపులో అదీ జరిగింది. హెడ్‌లైట్లు కూడా దించుకోండి, ఎదుటివాళ్ల తిట్లు తప్పుతాయి.

ఆ పాత హెవీ డ్యూటీ సెట్ ఇంకా నా దగ్గరే పడి ఉంది. స్ప్రింగ్‌లు వాటికవే చెడ్డవి కావు, నా బండికి కావు అంతే. ముందు వించ్, వెనక నిండా సామాను మోసేవాళ్లు ఎవరైనా ఉంటే అడగండి, ఇస్తాను. కానీ మీ రెండు యాక్సిళ్ల బరువు తూయించి ఆ చీటీ చూపించాకే.